గుండె శస్త్రచికిత్స చరిత్రలో ఊపిరీ, నెత్తురూ

చరిత్రను మహాపురుషుల మాలగా గుచ్చి చూపడం మన గ్రంథకర్తలకు పాత అలవాటు. రాజుల విషయంలో ఈ అలవాటును ప్రశ్నించడం నేర్చుకున్నాం గాని, వైద్యశాస్త్ర చరిత్రలో నేటికీ కత్తి పట్టినవాడే కథానాయకుడు. నిజానికి గుండె ఆపరేషన్‌కు అడ్డు నిలిచింది కత్తి కాదు. గాయపడిన గుండెకు కుట్టు వేయవచ్చునని ఫ్రాంక్‌ఫర్టులో లుడ్విగ్ రేన్ 1896లోనే చేసి చూపాడు. ఆ తరువాత అర్ధశతాబ్దం పాటు వైద్యులను గుండె వాకిట నిలబెట్టినవి రెండు చిక్కుముడులు: ఊపిరి, నెత్తురు.

1846లో బోస్టన్‌లో ఈథర్ మత్తును బహిరంగంగా ప్రదర్శించారు. నొప్పి తొలగింది. కాని రొమ్ము తెరవగానే బయటి గాలి చొరబడి ఊపిరితిత్తి కుంచించుకుపోతుంది. గొంతులోకి గొట్టం దింపి, రబ్బరు సంచిని చేతితో నొక్కుతూ రోగిచేత ఊపిరి తీయించే మత్తు వైద్యుడు వచ్చిన తరువాతనే ఆ పని సాగింది. దక్షిణ అమెరికా ఆదివాసులు బాణాలకు పూసే కురారేను 1942లో మాంట్రియల్ వైద్యులు హెరాల్డ్ గ్రిఫిత్, ఎనిడ్ జాన్సన్ కండరాలు సడలించేందుకు వాడారు. వేటగాని అనుభవం ఆసుపత్రిలో శాస్త్రమయింది.

1944 నవంబరు 29న బాల్టిమోర్‌లోని జాన్స్ హాప్కిన్స్ ఆసుపత్రిలో, ఒళ్ళు నీలమెక్కిన 15 నెలల శిశువుకు ఆపరేషన్ జరిగింది. ఆలోచన హెలెన్ తౌసిగ్‌ది. కత్తి ఆల్ఫ్రెడ్ బ్లేలాక్‌ది. మత్తు ఇచ్చినవాడు మెరెల్ హార్మెల్. బ్లేలాక్ వెనుక స్టూలు మీద నిలబడి ప్రతి కుట్టుకూ సలహా చెప్పినవాడు వివియన్ థామస్. కుక్కల మీద ఏళ్ళ తరబడి ప్రయోగాలు చేసి ఆ పద్ధతిని తయారుచేసిన ఈ నల్లజాతి సాంకేతికునికి ఊడ్చే పనివాని తరగతి కింద జీతం కట్టేవారు. ఆపరేషన్‌కు బ్లేలాక్, తౌసిగ్‌ల పేర్లే నిలిచాయి. థామస్‌కు గౌరవ డాక్టరేటు అందేసరికి 1976 వచ్చింది.

ఇక రెండవ ముడి. గుండెను ఆపి లోపల పని చేయాలంటే నెత్తురు శరీరం వెలుపల ప్రవహించాలి. పరాయి గొట్టాన్ని తాకగానే అది గడ్డకడుతుంది. 1916లో జే మెక్లీన్ అనే వైద్యవిద్యార్థి పరిశోధనతో మొదలైన దారిలో, గడ్డకట్టనివ్వని హెపారిన్ లభించింది. పని ముగిశాక దాని ప్రభావాన్ని తొలగించడానికి చేప నుంచి తీసిన ప్రోటమిన్ దొరికింది. ఇవి లేకుంటే 1953 మే 6న ఫిలడెల్ఫియాలో జాన్ గిబ్బన్ తన యంత్రంతో 18 ఏళ్ళ యువతిని బతికించగలిగేవాడు కాదు. మరుసటి ఏడు మినియాపోలిస్‌లో వాల్టన్ లిల్లిహై ఆ యంత్రానికి బదులు మనిషినే నిలిపాడు. బిడ్డ నెత్తురు సాధారణంగా తల్లి లేదా తండ్రి శరీరంలోకి పోయి శుభ్రపడి తిరిగి వచ్చేది. ఒకే గదిలో ఇద్దరికి మత్తు, ఇద్దరి ప్రాణాలూ పణం. అట్టి 45 ఆపరేషన్లలో 28 మంది పిల్లలు బతికి ఇల్లు చేరారు.

ఆ దేశంలోనే, యుద్ధకాలంలో, రెడ్‌క్రాస్ నల్లవారి నెత్తురును వేరు చేసి నిలవబెట్టింది. నెత్తురు నిలవచేయడంలో నిపుణుడైన నల్లజాతి వైద్యుడు చార్లెస్ డ్రూ దీనికి శాస్త్రాధారం లేదన్నాడు. అయినా 1950 దాకా ఈ విభజన పోలేదు. లాండ్‌స్టైనర్ 1901లో ప్రకటించిన నెత్తుటి వర్గాలు తెల్లవారిలోను నల్లవారిలోను ఒకటే. మన దేశంలో కులం నెత్తురులోనే ఉందని వాదించేవారు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. సంచి మీద వర్గం రాస్తారు గాని కులం రాయరు.

తొలినాటి యంత్రాలను నింపడానికే ఎందరో దాతల నెత్తురు కావలసి వచ్చేది. 1960ల మొదట్లో హ్యూస్టన్‌లో డెంటన్ కూలీ గ్లూకోజు ద్రవంతో యంత్రాన్ని నింపాడు. మతవిశ్వాసం వల్ల నెత్తురు ఎక్కించుకోని యెహోవా సాక్షులకు 542 గుండె, రక్తనాళాల ఆపరేషన్లు చేసినట్లు 1977లో ఆయన బృందం ప్రకటించింది. జపానులో ఉటాకో ఒకమోటో దంపతులు 1962లో వెల్లడించిన ట్రానెక్సామిక్ ఆమ్లం నేడు గుండె ఆపరేషన్లలో నెత్తుటి నష్టాన్ని తగ్గిస్తున్నది. కారిన నెత్తురును కడిగి రోగికే ఎక్కించే యంత్రాలూ వచ్చాయి.

కనుక ఈ చరిత్రలో వేటగాడున్నాడు, విద్యార్థి ఉన్నాడు, ఊడ్చేవాని జీతంతో పనిచేసిన మేధావి ఉన్నాడు, పేరు తెలియని దాత ఉన్నాడు. వీరిని అట్టడుగు వివరణగా మిగిల్చి, కత్తిని మాత్రమే కీర్తించే చరిత్ర అసంపూర్ణం మాత్రమే కాదు, అన్యాయం కూడా.