ఏనుగు మల్లమ్మ కొండ

ఈ యేటి మన సంఘ మహాసభ మదనపల్లెలో జరుగుచుండుటచే, సభానంతరమున ప్రతినిధులను సమీపమందలి కొండకు గొనిపోవ నిర్వాహకులు నిశ్చయించి యున్నారు. ఆహ్వానపత్రికయందు దానిని 'హార్సిలీ కొండ' యని మాత్రమే యచ్చువేయించిరి. అది తప్పని మేమనము. కాని దానికి దొర పేరు రాకపూర్వమే వేఱొక పేరు కలదని మన పిల్లలకు చెప్పకున్న, మఱి చెప్పువా రుండరేమో యని తోచి యీ నాలుగు మాటలు వ్రాయుచున్నాము.

ఈ కొండ మదనపల్లెకు వాయవ్యదిశను, బి. కొత్తకోట ప్రాంతమున నున్నది. మదనపల్లెయే సముద్రమట్టమునకు సుమారు 2,300 అడుగుల యెత్తున నుండగా, కొండ పైభాగము 4,100 అడుగులకు మించును. కడప పట్టణమన్ననో 500 అడుగులకు లోబడిన పల్లము. వేయి యడుగు లెక్కినచో గాలి యించుమించు 2 డిగ్రీలు చల్లబడును గావున, కడప యెండకును కొండ యెండకును 7 డిగ్రీల వరకు భేదముండవచ్చును. ఈ భేదమే కొండకు కొత్తపేరు తెచ్చినది.

డబ్ల్యు. డి. హార్సిలీ దొర కడపజిల్లా కలెక్టరు. మదనపల్లె నాడు కడపజిల్లాలోనిది. 1911లో చిత్తూరుజిల్లా యేర్పడినపుడు దానిలో చేరెను. 2022లో అన్నమయ్యజిల్లాలో చేర్చబడెను. 1870 ప్రాంతమున నా దొర వేసవి విడిదికై యీ కొండపై నిల్లు కట్టించుకొనెను. మదరాసు గవర్నరునకు ఉదకమండల మెట్లో, కడప కలెక్టరున కిది యట్లు. క్రమముగా ఇంటివాని పేరే కొండపేరయినది.

పాతపేరు ఏనుగు మల్లమ్మ కొండ. మల్లమ్మ యను నామెను ఏనుగులు సాకెననియు, ఆమె కొండజనుల రోగములకు మందులిచ్చి కాపాడెననియు, ఒకనాడు కానరాకపోగా జనులు దేవతగా నెంచి గుడి కట్టిరనియు చెప్పుదురు. దీనిని పురాణములలో వెదకబనిలేదు. సంస్కృతము చదివిన మావంటివారు 'గజ' శబ్దము చేర్చి గంభీరమైన పేరొకటి కల్పింపగలరు. కాని యేనుగును, కొండయు చక్కని తెనుగు మాటలు, మల్లమ్మ యూరూర వినబడు పేరు. వానిని చెడగొట్టుట యేల? ఏనుగులు కట్టుకథయని నవ్వువారు, 1980 తరువాత పొరుగు రాష్ట్రముల యడవులనుండి యేనుగులు చిత్తూరుజిల్లా దక్షిణభాగమునకు వచ్చుటయు, 1990లో వానికై కౌండిన్య యభయారణ్య మేర్పడుటయు స్మరింతురు గాక. మా తరగతిలో నొక బాలుడు హార్సిలీ యనగా గుఱ్ఱముల కొండ యని యర్థము చెప్పెను. ఏనుగు పోయి గుఱ్ఱము వచ్చినదన్నమాట!

కొండపై నీలగిరిచెట్ల తోపులు, గంగోత్రి యను చెఱువు, పర్యాటకశాఖవారి వసతిగృహములు కలవు. గంగోత్రి యన్న పేరు ఆ చిన్న చెఱువునకు మిక్కిలి బరువని మా యభిప్రాయము. చూడదగినది గాలిబండ. ఆ యేటవాలు రాతిపై నిలిచిన గాలి యుత్తరీయమును నిలువనీయదు. పెద్దలును బాలురును అంచునకు పోరాదు. మలుపుల దారి గావున కడుపు నిండ భుజించి బండి యెక్కరాదు. మల్లమ్మ గుడి మాత్రము చూడక దిగరాదు.

నిర్వాహకులకు మా విన్నప మొక్కటి. బండ్లకు గట్టు గుడ్డపలకలపై దొర పేరుతో బాటు మల్లమ్మ పేరును వ్రాయింపుడు. మూడు మాటలకు చోటు దొరకకపోదు.