వరి ఆకుపై మందు బొట్టు ఎందుకు నిలవదు? సర్ఫాక్టెంట్ల పాత్ర

వరి ఆకుపై పడిన చినుకు ఆకుకు అంటుకోదు. గుండ్రని పూసలా మారి దొర్లిపోతుంది. తామర, చేమ, క్యాబేజీ ఆకులదీ ఇదే తీరు. అంటీముట్టని తనానికి తెలుగువారు పోలికగా చెప్పుకునే ఈ గుణమే, పైరుకు మందు పిచికారీ చేసే రైతుకు అడ్డంకి అవుతోంది. ఆకుపై నిలవని బొట్టు నేలలోకి, అక్కడి నుంచి కాలువల్లోకి చేరుతుంది. ద్రావణంలో సబ్బు పొడి, ‘జిగురు మందు’ కలిపేది అందుకే. పేరులో జిగురు ఉన్నా, చాలా సందర్భాల్లో అవి చేసే అసలు పని బొట్టును ఆకుపై పరచడం. ఈ గుణమున్న పదార్థాలను సర్ఫాక్టెంట్లు అంటారు.

తామరాకు శుభ్రతకు కారణాన్ని వివరిస్తూ జర్మనీ వృక్షశాస్త్రవేత్తలు విల్‌హెల్మ్ బార్ట్‌లాట్, క్రిస్టోఫ్ నైన్‌హుయిస్ 1997లో వెలువరించిన పరిశోధన ప్రసిద్ధమైనది. ఆ ఆకుపై కొన్ని మైక్రోమీటర్ల పరిమాణంలో బుడిపెలు, వాటిపై సుమారు 100 నానోమీటర్ల మందం గల మైనపు గొట్టాలు ఉంటాయి. తల వెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు. నీటిబొట్టు ఈ మైనపు మొనలపైనే ఆనుతుంది; వాటి సందుల్లో గాలి మిగిలిపోతుంది. ఇలాంటి స్థితికి కాసీ, బాక్స్‌టర్ అనే శాస్త్రవేత్తలు 1944లోనే సూత్రం రూపొందించారు.

సర్ఫాక్టెంట్ అణువు పొడవు సుమారు 2 నానోమీటర్లు. దాని తల నీటిని కోరుతుంది, తోక నీటిని తప్పించుకోజూస్తుంది. మైనం తగలగానే తోక దానివైపు, తల నీటివైపు తిరిగి అణువులు వరుసగా పేరుకుంటాయి. ఇదే అధిశోషణం. ఇది లోపలికి ఇంకడం కాదు, పైతలానికి అంటుకోవడం. అలా పొర కమ్మిన మైనం నీటిని ఇక తోసివేయదు. బొట్టు పైతలంలోనూ అణువులు చేరడంతో తలతన్యత మీటరుకు 72 మిల్లీన్యూటన్ల నుంచి 30 వరకు పడిపోతుంది. సిలికాన్ ఆధారిత రకాలతో అది 20 సమీపానికి వస్తుంది.

చదునైన మైనంపై ఇదంతా సులువుగా జరుగుతుంది. నానో నిర్మాణం ఉన్నచోట చిక్కులు వస్తాయి. గరుకుదనం వల్ల కప్పవలసిన విస్తీర్ణం ఎన్నో రెట్లు పెరుగుతుంది, బొట్టులోని అణువులు మాత్రం పరిమితం. ఉన్నవి మొనలకే ఖర్చయితే లోపలి గోడలకు మిగలవు. పైగా, సర్ఫాక్టెంట్ మోతాదు ఒక హద్దు దాటాక అణువులు మిసెల్‌లనే గుంపులుగా చేరతాయి. సాధారణ మిసెల్ వ్యాసం సుమారు 4 నానోమీటర్లు కనుక, అంతకన్నా ఇరుకైన సందులోకి విడి అణువులే వెళ్లగలవు. సందులో గాలి ఉన్నంతవరకు ద్రవం గోడను తాకదు. అందుకే అధిశోషణం ముందు మొనల వద్ద మొదలవుతుంది. ద్రవం కాస్త కిందికి దిగితే కొత్త మైనం దొరుకుతుంది, అక్కడ మరికొన్ని అణువులు అంటుకుంటాయి, ద్రవం ఇంకాస్త దిగుతుంది. గాలి పూర్తిగా తొలగాకే బొట్టు ఆకుకు గట్టిగా పట్టుకుంటుంది.

అయితే అంత వ్యవధి ఉండదు. పిచికారీ బొట్టు ఆకును తాకి, చదునై, తిరిగి ఎగిరిపోవడం కొన్ని మిల్లీసెకన్లలోనే ముగుస్తుంది. ప్రయోగశాల బీకరులో, నిశ్చల ద్రవంపై కొలిచిన తలతన్యత చూసి మందును ఎంచుకోవడం అందుకే సరిపోదు. ఏరోసోల్ ఓటీ అనే సర్ఫాక్టెంట్ వెసికిల్‌లనే సంచుల వంటి గుంపులుగా ఉన్నప్పుడు, నీటిని తోసివేసే తలాలపై బొట్టు చిట్లిపోకుండా అదుపు చేయగలదని చైనా శాస్త్రవేత్తలు 2017లో ‘సైన్స్ అడ్వాన్సెస్’ పత్రికలో ప్రకటించారు.

మోతాదు పెంచడమే పరిష్కారం అనుకోవడానికీ వీల్లేదు. పత్తి, మిరప ఆకులు వరి ఆకు అంతగా నీటిని తోసివేయవు. వాటిపై తలతన్యత మరీ తగ్గితే ద్రావణం పలుచని పొరగా పరచుకుని అంచుల వెంట కారిపోతుంది. కొన్ని సర్ఫాక్టెంట్లు మైనపు పొరనే దెబ్బతీస్తాయి. అప్పటివరకు శిలీంధ్రబీజాలను దుమ్ముతో పాటు కడిగి తీసుకుపోయిన వాన చినుకు, అలాంటి ఆకుపై తడిగా నిలిచి అవి మొలకెత్తడానికి తోడ్పడుతుంది. నీటి జీవులకూ ముప్పు ఉంది. గ్లైఫోసేట్ కలుపు మందులో వాడిన పీఓఈఏ అనే సర్ఫాక్టెంట్, జలచరాలకు ఆ కలుపు మందుకన్నా ఎక్కువ విషపూరితమని పరీక్షల్లో తేలింది. గ్లైఫోసేట్ ఉత్పత్తుల్లో దాని వాడకాన్ని ఐరోపా సమాఖ్య 2016లో నిషేధించింది.