మార్ఫిన్ సీసా నుంచి కెమెరా కన్ను దాకా

నడిరాత్రి లేచి ఏడ్చే పసివాడిని ఏం చేయాలి? పందొమ్మిదో శతాబ్దం మందు పోసింది. ఇరవయ్యో శతాబ్దం గడియారం చూపించింది, తలుపు మూసింది. చివరికి ఒక కెమెరా అసలు సంగతి చెప్పింది. పిల్లల నిద్ర చుట్టూ పెద్దలు నడిపిన కథ ఇది.

1849లో అమెరికాలోని మెయిన్ రాష్ట్రం, బాంగర్ పట్టణంలో జెరమయా కర్టిస్, బెంజమిన్ పెర్కిన్స్ అనే ఇద్దరు భాగస్వాములు పసిపిల్లల కోసం ఒక మందును అమ్మకానికి పెట్టారు. కర్టిస్ అత్తగారు నర్సు. ఆవిడ ఇంటిపేరే మందు పేరైంది: ‘మిసెస్ విన్‌స్లోస్ సూతింగ్ సిరప్’. పళ్లొచ్చే బాధతో ఏడ్చే పిల్లలకు ఒక చెంచా పోస్తే చాలు, ఇల్లంతా ప్రశాంతం అని ప్రచారం చేశారు. వంటల పుస్తకాల మీద, క్యాలెండర్ల మీద, ఊరికే పంచిపెట్టే రంగుల కార్డుల మీద బొద్దుగా ఉన్న బిడ్డ, చిరునవ్వుతో తల్లి కనిపించేవారు. మందు బ్రిటన్‌కూ పాకింది. తర్వాతి కాలంలో పెద్ద పేరు తెచ్చుకున్న సంగీతకర్త ఎడ్వర్డ్ ఎల్గార్, కుర్రతనంలో రాసిన ఒక వాద్యరచనకు ఈ సిరప్ పేరే పెట్టాడంటే దాని వ్యాప్తి ఎంతటిదో ఊహించుకోవచ్చు.

చెంచా పోస్తే బిడ్డ నిజంగానే నిద్రపోయేది. ఎందుకో సీసా మీద ఉండేది కాదు. ఒక్కో ఔన్సులో, అంటే సుమారు 30 మిల్లీలీటర్లలో, నల్లమందు నుంచి తీసే మార్ఫిన్ 65 మిల్లీగ్రాములు కలిపేవారు. ఆ నిద్రలోంచి లేవని పిల్లలూ ఉన్నారు. 1906లో వచ్చిన ఆహార, ఔషధ చట్టం ఇలాంటి మత్తు పదార్థాల పేర్లు సీసా మీద రాయాలని నిర్బంధించింది. 1911లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ ఈ సిరప్‌ను పసిప్రాణాలు తీసే మందుల వరసలో చేర్చి ఎండగట్టింది. మార్ఫిన్ తీసేశాక కూడా కొన్నాళ్లు నడిచి, 1930 నాటికి మందు అంగళ్లలోంచి పోయింది.

ఆ సీసా కొన్న తల్లులను నిందించడం తేలిక. వాళ్ల పరిస్థితి చూస్తే నోరు రాదు. ఇంగ్లండ్ మిల్లు పట్టణాల్లో ‘గాడ్‌ఫ్రేస్ కార్డియల్’ అనే మరో నల్లమందు పానకం చాలా ఇళ్లలో ఉండేది. తెల్లవారకముందే మిల్లుకు పోవాల్సిన తల్లి, బిడ్డను పక్కింటి ముసలావిడ దగ్గర వదిలి వెళ్లేది. ఆవిడ చేతిలో ఒక్క బిడ్డ కాదు, నలుగురైదుగురు ఉండేవారు. అందరూ ఏడిస్తే మోయడానికి చేతులు చాలవు కాబట్టి చెంచా మోసింది. బొంబాయి మిల్లుల్లో పనిచేసే తల్లులూ ‘బాలగోలీ’ అనే నల్లమందు మాత్రలే నమ్ముకున్నారు. మన దేశంలో నల్లమందు వాడకంపై 1893లో బ్రిటిష్ ప్రభుత్వం వేసిన రాయల్ కమిషన్ ముందు, పసిపిల్లలకు నల్లమందు పెట్టే అలవాటు గురించి సాక్ష్యాలు వచ్చాయి. ఖండాలు వేరైనా లెక్క ఒక్కటే. ఇంట్లో చేతులు తగ్గిన చోటల్లా మందు వచ్చి కూర్చుంది.

గడియారం చెప్పినట్టు

మందు చెడ్డపేరు తెచ్చుకుంటున్న రోజుల్లోనే డాక్టర్లు రంగంలోకి దిగారు. న్యూయార్క్‌లో పిల్లల డాక్టర్ లూథర్ ఎమ్మెట్ హోల్ట్ 1894లో తల్లుల కోసం ప్రశ్నలు, జవాబుల రూపంలో ఒక పుస్తకం తెచ్చాడు. బిడ్డను ఊపి నిద్రపుచ్చడం అనవసరమైన అలవాటనీ, ఒక్కోసారి హానికరమనీ అందులో తేల్చేశాడు. బాధ ఏదీ లేకుండా మొండికేసి ఏడ్చే బిడ్డను ఏడవనివ్వాలన్నాడు. దానికి ఒక గంట పట్టవచ్చు, మరీ మొండిఘటమైతే రెండు మూడు గంటలు పట్టవచ్చు, రెండోసారి పది పదిహేను నిమిషాల్లో అయిపోతుందన్నాడు.

న్యూజిలాండ్‌లో డాక్టర్ ట్రూబీ కింగ్ 1907లో స్థాపించిన ప్లంకెట్ సొసైటీ నర్సులు, నాలుగు గంటలకోసారి పాలు, రాత్రి అసలు పాలు వద్దు అనే నియమాన్ని ఇంటింటికీ మోశారు. 1928లో జాన్ బి. వాట్సన్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త మరో అడుగు ముందుకేసి, పిల్లలను ముద్దుచేయడమే ప్రమాదమన్నాడు. పొద్దున్నే లేచిన బిడ్డకు కరచాలనం చేస్తే సరిపోతుందని తల్లులకు సలహా ఇచ్చాడు!

ఆ డాక్టర్లను రాతిగుండెల వాళ్లని తీసిపారేయలేం. అప్పట్లో పసిపిల్లలు కలుషితమైన పాలతో, విరేచనాలతో రాలిపోతుండేవారు. శుభ్రత, క్రమం ప్రాణాలు కాపాడతాయన్న వాళ్ల నమ్మకం పాల విషయంలో అక్షరాలా నిజమైంది. పాలసీసాకు పనికొచ్చిన క్రమశిక్షణే పసివాడి మనసుకూ పనికొస్తుందనుకోవడం దగ్గర లెక్క తప్పింది.

అదే కాలంలో మన ఇళ్లలో ఇందుకు పూర్తి విరుద్ధమైన పద్ధతి నడిచింది. బారసాలనాడు బిడ్డను ఉయ్యాలలో వేయడమే ఒక వేడుక. ఉయ్యాల లేని ఇంట్లో దూలానికి అమ్మ పాతచీర కడితే అదే ఉయ్యాల. పదిహేనో శతాబ్దంలోనే అన్నమయ్య ఏడుకొండలవాడిని పసివాణ్ని చేసి జోలపాట రాశాడు. రాత్రి బిడ్డ ఉలిక్కిపడి లేస్తే పక్కలో అమ్మ, అటుపక్క నాయనమ్మ ఉంటారు. ఎవరో ఒకరు చెయ్యి చాచి జోకొడతారు. ఎంతకీ ఊరుకోకపోతే ఉప్పు, ఎండుమిరపకాయలు తిప్పి దిష్టి తీసేస్తారు. దిష్టి తీస్తే ఏడుపు ఆగుతుందో లేదో గానీ, ఆ కాసేపు బిడ్డ మరొకరి చేతిలో ఉంటుంది, అమ్మకు నడుం వాల్చే వీలు దొరుకుతుంది. అయితే ఆ రాత్రుల బరువు మోసింది కూడా ఆడవాళ్లే. ఉమ్మడి కుటుంబాన్ని తలచుకుని మురిసేటప్పుడు ఈ మాట మరచిపోకూడదు.

ఇరవై ఒక్క నెలల పిల్లవాడు

‘ఏడవనివ్వండి’ అన్న సలహాకు శాస్త్రం ముద్ర 1959లో పడింది. కార్ల్ విలియమ్స్ అనే మనస్తత్వవేత్త ఒక చిన్న నివేదిక ప్రచురించాడు. అందులో ఉన్నది ఇరవై ఒక్క నెలల ఒకే ఒక్క పిల్లవాడు. పుట్టినప్పటి నుంచి ఏడాదిన్నర దాకా తీవ్రంగా జబ్బుపడి లేచాడు. ఆ రోజుల్లో ఇంటిల్లిపాదీ వాణ్ని కనిపెట్టుకుని ఉన్నారు. జబ్బు నయమైనా వాడికి ఆ కాపలా కావాలి. పడుకోబెట్టి గదిలోంచి కదిలితే ఏడుపు లంకించుకునేవాడు. తల్లి, తండ్రి, దగ్గరి బంధువు ఒకావిడ వంతులవారీగా వాడి దగ్గర కూర్చునేవారు. వాడు నిద్రపోయేసరికి అరగంట నుంచి రెండు గంటలు పట్టేది.

ఆరోగ్యం కుదుటపడిందని డాక్టర్లు చెప్పాక, పడుకోబెట్టి తలుపు వేసి వచ్చేయాలని నిర్ణయించారు. తొలిసారి పిల్లవాడు నలభై ఐదు నిమిషాలు ఏడ్చాడు. పదోసారికి, పెద్దవాళ్లు గదిలోంచి వెళుతుంటే నవ్వుతూ చూశాడు. ఓ వారం తర్వాత ఆ బంధువు వాణ్ని పడుకోబెట్టి వస్తుంటే కాస్త ఏడ్చాడు. ఆవిడ మనసొప్పక వెనక్కి వెళ్లింది. అంతే, కథ మళ్లీ మొదటికొచ్చింది. మరో తొమ్మిదిసార్లు పట్టింది. ఆ తర్వాత రెండేళ్లపాటు ఆ బెడద లేదు.

ఈ నివేదికలో చాలామంది మూసిన తలుపునే చూశారు. నాకు ముఖ్యంగా కనిపించేవి మరో రెండు. పిల్లవాడి ఒంట్లో బాగుందని నిర్ధారించుకున్నాకే వాళ్లు మొదలుపెట్టారు. పైగా ఆ ఇంట్లో వంతులు వేసుకోవడానికి ముగ్గురు పెద్దలున్నారు.

కెమెరా చూసిన నిజం

పిల్లలు అసలెలా నిద్రపోతారో ఓపిగ్గా చూసినవాళ్లు వేరే ఉన్నారు. షికాగో విశ్వవిద్యాలయంలో నతానియెల్ క్లైట్‌మన్ దగ్గర పనిచేసిన యూజీన్ అసెరిన్‌స్కీ, నిద్రలో పసిపిల్లల కనురెప్పల కదలికలను గమనిస్తూ మొదలుపెట్టి, ఎనిమిదేళ్ల తన కొడుక్కే పరికరాలు అమర్చి పరీక్షించాడు. కలల నిద్రలో కళ్లు వేగంగా కదులుతాయన్న వాళ్ల పరిశోధన 1953లో వెలువడింది. నిద్ర ఒకే మొద్దుగా ఉండదని, అలలు అలలుగా సాగుతుందని లోకానికి తెలిసింది. పెద్దలకు ఒక్కో నిద్రచక్రం సుమారు తొంభై నిమిషాలైతే పసిపిల్లలకు అంతకన్నా తక్కువ. ఒక చక్రం ముగిసి మరొకటి మొదలయ్యే సందులో మెలకువ తేలికగా వస్తుంది.

1970ల్లో అమెరికాలో థామస్ ఆండర్స్ అనే వైద్యుడు, ఇళ్లలోనే పిల్లల మంచాల దగ్గర వీడియో కెమెరాలు పెట్టి రాత్రంతా చిత్రీకరించాడు. 1979లో వచ్చిన ఆయన వ్యాసం తల్లిదండ్రుల నమ్మకాన్ని తలకిందులు చేసింది. ‘మావాడు రాత్రంతా లేవడు’ అని అమ్మలు చెప్పిన పిల్లలు కూడా నడిరాత్రి లేచారు. కళ్లు తెరిచి అటూ ఇటూ చూశారు, వేలు చప్పరించారు, మళ్లీ నిద్రలోకి జారిపోయారు. మిగతావాళ్లు లేచి పిలిచారు. తేడా అంతే.

ఈ ఒక్క సంగతి తెలిస్తే ఎన్నో ఇళ్లలో అపరాధభావం సగానికి తగ్గుతుంది. లేవడం జబ్బు కాదు, బిడ్డ మొండితనం కాదు, తల్లి పెంపకంలో లోపం అంతకన్నా కాదు. నేర్పాల్సింది మళ్లీ నిద్రపోవడం.

సాయంత్రం నిద్రపట్టే వేళ ఏ ఆసరా ఉంటే, రాత్రి రెండింటికి బిడ్డ అదే అడుగుతుంది. బోస్టన్ పిల్లల ఆసుపత్రికి చెందిన రిచర్డ్ ఫెర్బర్ 1985లో రాసిన పుస్తకం ఈ సూత్రం మీదే నిలబడింది. బిడ్డను మెలకువగా ఉండగానే పడుకోబెట్టి, ఏడిస్తే కాసేపు ఆగి వెళ్లి ధైర్యం చెప్పి, ఆ విరామాన్ని కొద్దికొద్దిగా పెంచాలంటాడాయన. ఇలాంటి పద్ధతులు పిల్లల మనసును గాయపరుస్తాయా అన్న భయం చాలామందికి ఉంది. ఆస్ట్రేలియాలో 326 మంది పిల్లలను ఆరేళ్ల వయసు దాకా గమనించి 2012లో ప్రచురించిన అధ్యయనంలో హాని కనిపించలేదు. అలాగని ఆ వయసుకు మిగిలిన ప్రత్యేక లాభమూ కనిపించలేదు. అంటే ఎవరికి ఏది వీలైతే అది చేసుకోవచ్చు, తప్పు లేదు. పక్కలో పడుకోబెట్టుకుని, జోకొట్టే చేతిని రోజురోజుకూ కాస్త ముందుగా తీసేయడమూ ఒక పద్ధతే.

మన ఇంటి రాత్రి

17 దేశాలు, ప్రాంతాల్లో మూడేళ్లలోపు పిల్లలు 29,287 మందిపై జరిపి 2010లో ప్రచురించిన సర్వేలో భారత్ కూడా ఉంది. అప్పట్లో న్యూజిలాండ్ పిల్లలు రాత్రి ఏడున్నరకే పడుకుంటుంటే హాంకాంగ్ పిల్లలు పది దాటాక పడుకునేవారు. ఆసియా పిల్లల్లో అత్యధికులు పెద్దల మంచంలోనో, గదిలోనో నిద్రపోయేవారు. కలిసి పడుకోవడం మన పద్ధతి, దానికి సిగ్గుపడనక్కర్లేదు. ఆలస్యంగా పడుకోవడం మాత్రం సరిచేసుకోవాల్సిందే. ఏడాది నుంచి రెండేళ్ల బిడ్డకు పగటి కునుకుతో కలిపి రోజుకు 11 నుంచి 14 గంటల నిద్ర కావాలి. నాన్న ఆఫీసు నుంచి వచ్చి, అందరి భోజనాలు అయ్యి, టీవీ ఆగేదాకా బిడ్డను మేల్కొనే ఉంచితే ఆ లెక్క కుదరదు. అలసట మీరిన పిల్లలు ఇంకా ఎక్కువసార్లు లేస్తారు.

తొలి జాములోనే బిడ్డ కెవ్వుమని లేచి, కళ్లు తెరిచే ఉన్నా మనల్ని గుర్తుపట్టకపోతే అది గాఢనిద్రలో వచ్చే కలవరం. కుదిపి లేపకుండా, దెబ్బ తగలకుండా చూస్తూ పక్కన ఉంటే దానంతటదే సద్దుమణుగుతుంది. తెల్లవారుజామున లేచి భయపడితే పీడకల కావచ్చు, అప్పుడు దగ్గరికి తీసుకోవాలి. రోజూ గురక పెట్టడం, నిద్రలో ఊపిరి ఆగినట్టనిపించడం, రక్తహీనత ఉన్న బిడ్డ రాత్రంతా కాళ్లు కొట్టుకోవడం లాంటివి ఉంటే డాక్టరుకు చూపించాలి. నిద్ర కోసం జలుబు సిరప్ పోయడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ వద్దు. మత్తు తెచ్చే క్లోర్‌ఫెనిరమిన్‌ను ఫినైలెఫ్రిన్‌తో కలిపి చేసిన జలుబు మందును నాలుగేళ్లలోపు పిల్లలకు వాడకూడదని మన ఔషధ నియంత్రణ సంస్థ 2023 డిసెంబరులో ఆదేశించింది. నూటడెబ్బయ్ ఏళ్ల నాటి చెంచా ఇప్పటికీ మన ఇళ్ల అలమారల్లో ఉంది.

ఈ చరిత్ర అంతటా పిల్లలు ఒకేలా లేచారు, ఒకేలా పిలిచారు. మారింది వాళ్ల పిలుపు అందుకునే చేతుల సంఖ్య. హైదరాబాద్ అపార్టుమెంటులోనో, డాలస్‌లోనో ఇద్దరే ఉన్న ఇంట్లో, ఆ ఇద్దరిలోనూ ఒక్కరే లేస్తుంటే ఏ పద్ధతీ నిలబడదు. అందుకే పద్ధతి ఎంచుకోవడానికి ముందు వంతులు వేసుకోవాలి. ఒక రాత్రి అమ్మది, మరో రాత్రి నాన్నది. పాలిచ్చే తల్లయితే పాలు పట్టాక జోకొట్టి పడుకోబెట్టే పని నాన్నది. అమ్మమ్మో, నాయనమ్మో వచ్చి ఉన్న రోజుల్లో ఒక పూట వాళ్లది. బిడ్డ ఎలాగూ కొన్నాళ్లకు తనంతట తానే నిద్రపోవడం నేర్చుకుంటుంది. అందాకా తల్లికి కూడా నిద్ర దక్కేలా చూడటం ఇంటిల్లిపాది బాధ్యత.