ఇనుప రాయి కోసం వచ్చిన రైలు

విశాఖలో పొద్దున్నే బయల్దేరే కిరండూల్ పాసింజర్ శృంగవరపుకోట దాటి బొడ్డవర చేరేదాకా మామూలు రైలే. వరిమళ్లు, తాటిచెట్లు, మామిడితోటలు. ఆ తర్వాత కొండ ఎక్కుడు మొదలవుతుంది. శివలింగపురం, త్యాడ, చిమిడిపల్లి, బొర్రా గుహలు, కరకవలస, శిమిలిగుడ, అరకు: పేర్లు మారేకొద్దీ గాలి చల్లబడుతుంది, లోయ లోతవుతుంది. సొరంగం రాగానే పెట్టెలో పిల్లలంతా ఒక్కసారిగా కేకలేస్తారు. చీకటి వదిలేసరికి కిటికీ కింద ఎక్కడో గెడ్డ మెరుస్తుంటుంది.

ఈ అందం ఎవరూ కోరి కట్టింది కాదు. బస్తర్‌లోని బైలదిల్లా కొండల్లో మేలిరకం ఇనుప ఖనిజం ఉంది. యుద్ధం తర్వాత కోలుకుంటున్న జపాన్ ఉక్కు కంపెనీలకు అది కావాలి. ఏటా 40 లక్షల టన్నులు పంపేలా 1960లో ఒప్పందం కుదిరింది. గనికీ విశాఖ రేవుకూ మధ్య తూర్పు కనుమలు అడ్డుగోడ. దండకారణ్య–బొలాంగిర్–కిరిబురు ప్రాజెక్టు కింద కొత్తవలస నుంచి కిరండూల్ దాకా సుమారు 445 కిలోమీటర్ల లైను వేసి, 1960ల చివరికల్లా ఖనిజం రవాణా మొదలుపెట్టారు. దారి పొడవునా 58 సొరంగాలు, 84 పెద్ద వంతెనలు.

లెక్క చెప్పినంత తేలిక కాదు ఆ పని. ఇక్కడి రాయి ఎక్కువగా ఖోండలైట్. ఈ కొండల్లో ఉండే ఖోండు గిరిజనుల పేరే ఆ రాయికి పెట్టారు. ఎండకూ వానకూ అది పొడిపొడిగా రాలిపోతుంది, పగుళ్లలోకి నీరు దిగుతుంది. అలాంటి కొండను తొలిచి, సొరంగం కూలకుండా లోపల కాంక్రీటు తొడుగు వేసుకుంటూ ముందుకు సాగాలి. నేటికీ గట్టి వాన పడితే ఎక్కడో ఒకచోట బండ జారుతుంది, రైళ్లు ఆగిపోతాయి. వానాకాలంలో పట్టాల వెంట కాపలా నడిచే గ్యాంగ్‌మన్ల గురించి పర్యాటకుల ఫొటోల్లో ఏమీ ఉండదు. ఈ లైను నిలిచి ఉందంటే సగం పుణ్యం వాళ్లదే.

ఎక్కుడంతా శిమిలిగుడలో ముగుస్తుంది. స్టేషను పసుపు బోర్డు మీద ఎత్తు 996.32 మీటర్లని ఉంటుంది. 2008లో కాశ్మీర్ లోయలో రైలు నడిచేదాకా దేశంలో అత్యంత ఎత్తయిన బ్రాడ్‌గేజ్ స్టేషనుగా దానికి పేరు. అక్కడి నుంచి అరకు వైపు దిగుడే.

చిమిడిపల్లిలోనో కరకవలసలోనో పాసింజర్ ఆగి ఎంతకీ కదలకపోతే ఎదురుగా ఖనిజం బండి వస్తోందని అర్థం. ముందు వరుసగా ఇంజన్లు, వెనక ఎర్రదుమ్ము పట్టిన వ్యాగన్లు, బ్రేకులు కాలిన వాసన. అది దిగిపోయాకే జనం బండికి దారి. ఈ లైనుకు ఎవరు ముఖ్యమో ఆ కాసేపట్లో తెలిసిపోతుంది.

అయినా కొండమీది జనం దీన్ని తమ రైలు చేసుకున్నారు. గంపల్లో సీతాఫలాలు, పనసకాయలు, అల్లం, కొండచీపుళ్లు ఎక్కించి కిందికి పంపారు. చదువుకూ ఆస్పత్రికీ విశాఖ వెళ్లడానికి తక్కువ ఖర్చు దారి ఇదే. 2017 ఏప్రిల్‌లో అద్దాల పైకప్పు ఉన్న విస్టాడోమ్ పెట్టె వచ్చాక పర్యాటకుల తాకిడి పెరిగింది. మంచిదే. బొర్రాలో దిగేవాళ్లు కొనే మొక్కజొన్న పొత్తులూ బొంగులో చికెనూ ఎన్నో ఇళ్లకు తిండి పెడుతున్నాయి. కానీ ఆ అద్దాల పెట్టె నిండినరోజే సాధారణ పెట్టెల్లో మూటలతో నిలబడి వచ్చే ఆడవాళ్లుంటారు. రైల్వేవాళ్లు చూడాల్సింది ముందు వాళ్లను.

2025 ఫిబ్రవరిలో వాల్తేరు డివిజన్‌ను విడదీసినప్పుడు కొత్తవలస నుంచి పైకి వెళ్లే ఈ లైనును రాయగడ డివిజన్‌కు కేటాయించారు. అరకు వాళ్ల రాకపోకలు, సరుకు, చదువులు అన్నీ విశాఖతోనే. ఆఫీసు ఎక్కడున్నా ఆ బంధం తెగకూడదు. ఇప్పుడు కొత్తవలస–కోరాపుట్ మధ్య రెండో లైను పనులు జరుగుతున్నాయి. ఖనిజం బండ్లకు చోటు పెరుగుతుంది కాబట్టి, చిన్న స్టేషన్లన్నిటిలో ఆగే పాసింజర్ ఇంకొకటైనా వేయాలి. విస్టాడోమ్‌కు ఒక పెట్టె కలిపితే జనరల్‌కు రెండు కలపాలి. అరవై ఏళ్లుగా ఖనిజానికి దారిచ్చిన కొండవాళ్లకు అది న్యాయంగా రావాల్సిందే.