ఇల్లు మారిన ఇండికస్

వానాకాలం రాత్రి వీధి దీపం కింద 6-8 సెంటీమీటర్ల గోధుమరంగు పురుగు టప్పున పడితే బొద్దింక అనుకుంటాం. పరిశీలించండి: పొడవాటి మీసాలు లేవు, ముందుకాళ్ళు ఎరను ఒడిసిపట్టే కొక్కేల్లా, నోరు సూదిలా ఉంటాయి. ఇది నల్లుల వర్గానికి చెందిన రాకాసి నీటిపురుగు.

1825లో ఫ్రెంచి శాస్త్రజ్ఞులు లెపెలెటియే, సెర్విల్ దీన్ని బెలోస్టోమా ప్రజాతిలో చేర్చి 'ఇండికం' అన్నారు. 1853లో ఆస్ట్రియాకు చెందిన గుస్తావ్ మయర్ లెథోసెరస్ ప్రజాతిని ఏర్పరచాడు. తరవాత మన పురుగు అందులో చేరి లెథోసెరస్ ఇండికస్ అయింది.

ఇది కేవలం పేరు మార్పేనా? కాదు. బెలోస్టోమాల వీపు మీద గుడ్లుంటాయి. మోసేది తల్లే అనుకునేవారు. అది తండ్రి అని 1899లో అమెరికాలో ఫ్లోరెన్స్ స్లేటర్ రుజువు చేసింది. లెథోసెరస్ గుడ్లు మాత్రం నీటిపైకి లేచిన కాడలమీద ఉంటాయి. మగది వాటిని తడుపుతూ కాపలా కాస్తుంది. 1961లో లాక్, మెంకే ఈ రెంటినీ వేర్వేరు ఉపకుటుంబాలుగా విడదీశారు. శరీర నిర్మాణం చూసి గీసిన గీతకు జీవన విధానం కూడా సాక్ష్యం పలికింది!

మన వరిమడిలో వీపునిండా గుడ్లతో చిన్న నీటిపురుగు కనిపిస్తే, అది ఇండికస్ పిల్ల కాదు. డిప్లోనికస్ అనే మరో ప్రజాతి. అన్నట్టు, ఆ మోసేది కూడా తండ్రే!