సరాసరి లెక్క

కృష్ణా డెల్టాలో క్రికెట్‌కు కాలాన్ని నిర్ణయించేది పంచాంగం కాదు, కాలువ. సార్వా వరి కోసి, తరువాత చల్లిన మినుము కూడా పీకేశాక పొలాలు ఖాళీ అవుతాయి. కాలువలు కట్టేస్తారు. మళ్ళీ నీళ్ళు వదిలేదాకా ఆ నల్లరేగడి చేలన్నీ కుర్రకారువే. నెర్రెలు విచ్చిన నేలలో కాస్త చదునైన చోటు చూసి, నెర్రెలు పూడ్చి, నీళ్ళు చల్లి, దిమ్మిసతో కొడితే అదే పిచ్. ఎండలో అది రాతిబండ. నాలుగు చినుకులు పడితే మాత్రం చెప్పును నేలకు వదిలేసి కాలు ఒక్కటే పైకి వస్తుంది. కాబట్టి మా వైపు వాన ఆటను ఆపడమంటే కాసేపు ఆపడం కాదు, ఆ రోజుకు ముగించడమే.

ఈ ఆట మాకు కొత్తదీ కాదు, పరాయిదీ కాదు. భారత జట్టుకు తొలి టెస్టు సారథి సి.కె. నాయుడు పుట్టింది నాగపూరులోనే అయినా, ఆయన పూర్వీకులది మచిలీపట్నం. ఆ తొలి టెస్టు లార్డ్స్‌లో మొదలైంది 1932 జూన్ 25న. సరిగ్గా 51 ఏళ్ళ తరువాత, 1983లో, అదే తేదీన, అదే మైదానంలో కపిల్‌దేవ్ బృందం ప్రపంచకప్ గెలిచింది. ఆ గెలుపు తరువాతే మా ఊళ్ళలో చెడుగుడు కూతలు తగ్గి, కార్కు బంతి చప్పుళ్ళు పెరిగాయి.

నేను ఆటగాణ్ణి కాను. లెక్కల్లో మంచి మార్కులు వస్తాయన్న ఒకే ఒక్క అర్హత మీద మా ఊరి జట్టుకు స్కోరరును. 1990 మే 7, సోమవారం నాడు సముద్రానికి మాకన్నా దగ్గరగా ఉన్న ఒక ఊరితో ఇరవై ఓవర్ల ఫైనల్ ఆడాము. వాళ్ళు 120 పరుగులు చేశారు. మావాళ్ళు ధాటిగా మొదలుపెట్టారు గాని, ధాటిగానే అవుటయ్యారు కూడా. పది ఓవర్లు ముగిసేసరికి 66 పరుగులు, ఏడు వికెట్లు. అప్పుడే తూర్పు నుంచి ఈదురుగాలి లేచి, వాన కుండపోతగా కురిసింది. అరగంటలో పిచ్ ఊడ్పులకు సిద్ధమైన మడిలా తయారయింది.

వానొస్తే ఏం చేయాలో ముందుగా ఎవరూ అనుకోలేదు. అంపైర్లు ఊరికొకరు. వాళ్ళిద్దరూ నా వైపు చూశారు. నేను పేపర్లో చదివిన విద్య ప్రదర్శించాను. వాళ్ళు ఓవరుకు ఆరు చొప్పున చేశారు, పది ఓవర్లకు అరవై అవుతుంది, మనవి అరవై ఆరు, కనుక గెలుపు మనదే అన్నాను. నిజానికి ఆనాడు అంతర్జాతీయ వన్డేల్లోనూ వాడుకలో ఉన్నది ఈ సరాసరి పద్ధతే.

అవతలి కెప్టెను నాకన్నా ఐదారేళ్ళు పెద్ద. నెమ్మదస్తుడు. తడిసిన తువ్వాలు పిండుకుంటూ, “తమ్ముడూ, పరుగులు లెక్కేశావు బాగానే ఉంది. మీకు మిగిలింది ముగ్గురే గదా, దాన్నెక్కడేశావు? ఎండ కాశాక మళ్ళీ ఆడుకుందాం” అన్నాడు.

“లెక్క లెక్కే అన్నా” అన్నాను.

అతను ఇంకేమీ అనలేదు. షీల్డు మా ఊరికి వచ్చింది. రెండు రోజుల తరువాత, మే 9న, పెను తుఫాను కృష్ణా ముఖద్వారం దగ్గర తీరం దాటింది. 1977 నవంబరు 19 నాటి దివిసీమ ఉప్పెన నేర్పిన పాఠం వల్ల ఈసారి లక్షకు పైగా జనాన్ని ముందుగానే తరలించారు. అయినా తొమ్మిది వందలకు పైగా ప్రాణాలు పోయాయి. ఆ ఊళ్ళో ఇళ్ళ కప్పులు లేచిపోయాయని, గొడ్లు కొట్టుకుపోయాయని విన్నాము. ఆ తరువాత మళ్ళీ ఆడదామని వాళ్ళూ రాలేదు, రమ్మని మేమూ కబురు పెట్టలేదు.

అతని ప్రశ్నకు పెద్దవాళ్ళ క్రికెట్లో కూడా అప్పటికి జవాబు లేదు. సరాసరి బాగాలేదని దాని బదులు మరో నిబంధన తెచ్చారు. 1992 మార్చి 22న సిడ్నీ సెమీఫైనల్లో దక్షిణాఫ్రికా 13 బంతుల్లో 22 పరుగులు చేయాల్సి ఉండగా వాన పడింది. ఆట మళ్ళీ మొదలయ్యేసరికి మిగిలింది ఒక్క బంతి, కావలసినవి 21 పరుగులు. ఆ నవ్వులాట నుంచే ఇంగ్లండుకు చెందిన ఫ్రాంక్ డక్‌వర్త్, టోనీ లూయిస్ అనే గణాంక శాస్త్రజ్ఞుల పద్ధతి బయటికి వచ్చింది. 1997 జనవరి 1న హరారేలో జింబాబ్వే, ఇంగ్లండు మ్యాచ్‌లో దాన్ని తొలిసారి వాడారు. దాని సారం ఒక్క ముక్కలో చెప్పాలంటే, జట్టుకు ఆస్తి రెండు రకాలు: మిగిలిన ఓవర్లు, మిగిలిన వికెట్లు. ఒకటి లెక్కపెట్టి రెండోది వదిలేస్తే అది సగం లెక్క.

ఇది నాకు బోధపడింది 2002 నవంబరు 12న. రాజ్‌కోట్‌లో వెస్టిండీస్ 300 చేసింది. మనవాళ్ళు 27.1 ఓవర్లలో ఒకే వికెట్టుకు 200 చేసి ఉండగా, ప్రేక్షకులు సీసాలు విసరడంతో ఆట ఆగిపోయింది. వాన లేకుండానే వాన లెక్క వేయవలసి వచ్చింది. నా పాత సరాసరి ప్రకారమైతే అప్పటికి 163 కావాలి, అంటే 37 పరుగుల ఆధిక్యం. డక్‌వర్త్-లూయిస్ మాత్రం 119 చాలని, 81 పరుగుల తేడాతో భారత్ గెలిచిందని తేల్చింది. తొమ్మిది వికెట్లు చేతిలో ఉండడానికి అంత విలువ! అదే సిరీస్ చివరి మ్యాచ్ నవంబరు 24న మన బెజవాడ ఇందిరాగాంధీ స్టేడియంలో జరిగింది. మనం 135 పరుగుల తేడాతో ఓడిపోయి, సిరీస్ కూడా 4-3తో పోగొట్టుకున్నాము. నా మనసు మాత్రం రాజ్‌కోట్ లెక్క దగ్గరే ఆగిపోయింది.

ఒక రాత్రి ఆ పట్టిక ముందు పెట్టుకుని మా 1990 మ్యాచ్‌ను మళ్ళీ లెక్క కట్టాను. ఇరవై ఓవర్లలో పది మిగిలి, ఏడు వికెట్లు పోయినప్పుడు, 120 లక్ష్యానికి మా దగ్గర ఉండవలసినవి దాదాపు 80 పరుగులు. ఉన్నవి 66. గెలిచింది వాళ్ళు.

పట్టికలు అప్పటికి పుట్టనే లేదు గదా, నీ తప్పేముందని మీరు అనవచ్చు. అదే మాట నాకు నేను చాలాసార్లు చెప్పుకున్నాను. కాని అతనికి కూడా ఆ పట్టిక తెలియదు. ముగ్గురే మిగిలారన్నది కంటికి కనబడుతున్న సంగతి. దాన్ని చూసి చెప్పడానికి అతనికి గణితం అవసరం రాలేదు. చూడకుండా ఉండడానికి నేను గణితాన్ని వాడుకున్నాను.

షీల్డు ఇప్పటికీ మా ఊళ్ళోనే ఉంది, వెండిపూత పోయి, మా ఊరి పేరుతో. ఈ వేసవిలో కాలువలు కట్టేశాక ఊరు వెళ్ళి, ఆ లెక్క కాగితం పట్టుకుని అతని దగ్గరికి పోదామనుకుంటున్నాను. గుర్తుపడితే అన్నా అని పిలుస్తాను. గుర్తుపట్టకపోతే స్కోరు చెబుతాను. ఆ స్కోరును అతను మరచిపోయి ఉండడని నా నమ్మకం.