సురభి నాటకశాల

సురభి నాటకశాల అంటే ఒక్క భవనం కాదు. విప్పి, బండ్లకెత్తి, ఇంకో ఊళ్ళో మళ్ళీ నిలబెట్టుకునే సంచార రంగశాల. దాన్ని తరతరాలుగా నడుపుతున్న కుటుంబ నాటక సమాజాలకూ అదే పేరు. వీరి ప్రధాన నివాసం ఇప్పుడు హైదరాబాదు పడమటి అంచున, శేరిలింగంపల్లిలోని సురభి కాలనీ. హైటెక్ సిటీ స్టేషన్లో ఎంఎంటీఎస్ రైలెక్కితే హఫీజ్‌పేట, చందానగర్ దాటగానే లింగంపల్లి వస్తుంది. ఆ రైల్లో నిలబడి వెళ్ళే సాఫ్ట్‌వేర్ ఉద్యోగుల్లో ఎందరికి తమ పక్కనే ఘటోత్కచుడి గద ఉందని తెలుసో!

ఈ కుటుంబాల పూర్వికులు మరాఠా ప్రాంతం నుంచి వచ్చి తోలుబొమ్మలాట ఆడుకుంటూ రాయలసీమలో స్థిరపడ్డవారు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ఒక పెళ్ళి సందర్భంగా, వనారస గోవిందరావు ఆధ్వర్యంలో బొమ్మలకు బదులు మనుషులే వేషం కట్టి ‘కీచక వధ’ ఆడారు. ఊరి పేరే సమాజం పేరయింది. మగవాళ్ళే ఆడవేషాలు కట్టే ఆ రోజుల్లో, ఇక్కడ ఇంటి ఆడవాళ్ళే స్త్రీ పాత్రలు ధరించారు. కుటుంబం పెరిగినకొద్దీ సమాజాలు చీలి పదుల సంఖ్యకు చేరాయి. వాటిలో శ్రీ వేంకటేశ్వర నాట్యమండలి 1937లో ఏర్పడింది.

కట్టడం సంగతి చెప్పాలంటే ముందు ఇటలీ దాకా వెళ్ళాలి. ప్రేక్షకులకూ నటులకూ మధ్య పెద్ద ద్వారబంధంలా నిలిచే ప్రొసీనియం చట్రానికి తొలి ప్రసిద్ధ నమూనా పార్మా నగరంలోని ఫార్నేసే రంగశాల. దాన్ని 1618లో కట్టారు. ఆ శతాబ్దంలోనే వెనిస్‌లో జాకొమో తొరెల్లి ఒక్క ఇరుసు తిప్పితే పక్క తెరలన్నీ ఒకేసారి మారే యంత్రం చేశాడు. ఈ పద్ధతులు యూరప్ అంతా తిరిగి, బ్రిటిష్ వారి నాటకశాలల మీదుగా బొంబాయి పార్శీ కంపెనీలకు చేరాయి. ఊరూరా తిరిగిన నాటక కంపెనీలు వాటిని దక్షిణాదికి మోసుకొచ్చాయి. ఫార్నేసే 1944 బాంబుదాడిలో కూలిపోతే పాత నమూనా ప్రకారం తిరిగి నిర్మించుకున్నారు. సురభి వాళ్ళకు ఆ పని ప్రతి మకాంలోనూ తప్పదు.

చుట్టూ రేకులు, లోపల కర్రలు, చెక్క పలకల వేదిక. ఇవన్నీ ఏ ఊళ్ళోనైనా దొరికేవే. అసలు నిర్మాణ కౌశలం వేదిక లోతులో ఉంది. రాజసభ, అడవి, వీధి, తోట రాసిన తెరలు ఒకదాని వెనక ఒకటి వరసగా వేలాడుతుంటాయి. ముందు తెర దగ్గర హాస్యగాళ్ళు వీధి రంగం ఆడుతుంటే, దాని వెనక చప్పుడు లేకుండా కైలాసం తయారవుతుంది. జనం నవ్వు ఆగేలోగా తెర లేవాలి. ఇరుకు రంగం, లోతు రంగం ఒకదాని వెంట ఒకటి వచ్చే ఈ లెక్క వల్లే నాటకం ఎక్కడా ఆగదు.

పై భాగమంతా తీగలే. నారదుడు మబ్బు మీద దిగేది, రెండు వైపుల నుంచి వచ్చిన బాణాలు నడి ఆకాశంలో ఢీకొని నిప్పురవ్వలు రాల్చేది వీటి మీదే. ‘మాయాబజార్’లో లడ్లు వాటంతటవే లేచి ఘటోత్కచుడి నోట్లోకి పోతుంటే, ముందు వరసలో పిల్లలు దారం ఎక్కడుందా అని మెడలు సాచి వెతుకుతారు. ఒకనాడు తెర వెనక బొమ్మలాడించిన చేతులు ఇప్పుడు మనుషుల్నే ఆడిస్తున్నాయి. సురభిని పౌరాణిక నాటకంగా మాత్రమే చూసేవారు ఈ వారసత్వాన్ని గమనించరు.

సినిమా సురభి దగ్గర నేర్చుకుంది, తర్వాత సురభి ప్రేక్షకుల్నీ లాక్కుంది. 1932 నాటి తొలి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’లో లీలావతి పాత్రధారిణి సురభి కమలాబాయి. ఆమె రంగస్థలం మీదే పుట్టిందని చెప్పుకుంటారు. ‘పాతాళ భైరవి’, ‘మాయాబజార్’ సినిమాలు వెండితెర మీదికి వచ్చాక మాయలు చూడ్డానికి రేకుల హాలే దిక్కన్న పరిస్థితి పోయింది. సమాజాలు ఒక్కొక్కటే మూతపడ్డాయి; మిగిలినవి వేళ్ళ మీద లెక్కపెట్టేన్ని.

ఆ తరుణంలో కన్నడ దర్శకుడు బి.వి.కారంత్ వీళ్ళతో పనిచేసి ‘భీష్మ’, ‘చండీప్రియ’, బ్రెహ్ట్ నాటకం ఆధారంగా ‘బస్తీ దేవత యాదమ్మ’ చేయించారు. శ్రీ వేంకటేశ్వర నాట్యమండలిని నడిపిన రేకందార్ నాగేశ్వరరావుకు, అందరూ పిలిచే పేరు సురభి బాబ్జీకి, 2013లో పద్మశ్రీ వచ్చింది. ఆయన 2022లో కన్నుమూశారు.

మాదాపూర్ శిల్పారామం పక్కన సుమారు 2,500 మంది పట్టే శిల్పకళా వేదిక ఉంది. నగరంలో రవీంద్రభారతి ఉంది. పక్కా భవనంలో ఆడాల్సి వస్తే సురభి వాళ్ళు పూర్తిగా వాటి మీద ఆధారపడరు. తమ తెరలు, తీగలు, కప్పీలు వెంట తెచ్చుకుని ఆ వేదిక లోపలే తమ వేదికను కట్టుకుంటారు. మొదటి రంగంలో నారదుణ్ణి కిందికి దించిన తాడు మనిషి, చేతులు తుడుచుకుని తర్వాతి రంగంలో భటుడిగా రావచ్చు. తాడు ఇంకో బంధువు చేతికి మారుతుంది.